లాండ్రీ చిల్లరలో దొరికిన నటి: ఆన్నా మే వాంగ్

చిల్లరడబ్బా (శనివారం రాత్రి)

అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అపార్ట్‌మెంట్లో బట్టలు ఉతుక్కోవాలంటే నేలమాళిగలోని యంత్రాల్లో పావు డాలరు నాణేలు వేయాలి. అందుకని ఇంట్లో ఒక హార్లిక్స్ సీసా నిండా అవే ఉంటాయి. ఇవాళ సీసా మంచం మీద గుమ్మరించి లెక్కపెడుతుంటే ఒక నాణెం వెనక ఒకామె ముఖం కనిపించింది. చెంపకు చెయ్యి ఆనించుకుంది. నుదుటి మీద గీత గీసినట్టు కత్తిరించిన ముంగురులు. చుట్టూ సినిమా హాలు బోర్డుకు పెట్టే దీపాల్లా చుక్కలు. పేరు ఆన్నా మే వాంగ్, సంవత్సరం 2022.

వెతికితే తేలింది ఇంతే: సినిమా నటి. అమెరికా డబ్బు మీదికి ఎక్కిన మొదటి ఆసియా సంతతి అమెరికన్. పాత హాలీవుడ్ అంటే నాకు మర్లిన్ మన్రో, ఆడ్రీ హెప్‌బర్న్, అక్కడితో సరి. ఈమె సినిమాలు చూసినవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? నాణెం మాత్రం యంత్రంలో వేయలేదు, కిటికీ గట్టు మీద పెట్టాను.

పాతరీలు (ఆదివారం ఉదయం)

చిల్లరడబ్బా గారూ, ఆ నాణెం మీకు బట్టలు ఉతుక్కునే వేళ దొరకడమే విచిత్రం. ఆమె లాండ్రీ ఇంటి పిల్ల.

1905 జనవరి 3న లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. ఇంట్లో పెట్టిన పేరు వాంగ్ ల్యూ త్సాంగ్. మన పేర్లలాగే ఇంటిపేరు ముందు. ల్యూ అంటే విల్లో చెట్టు, త్సాంగ్ అంటే మంచు. తండ్రి వాంగ్ సామ్ సింగ్ కూడా కాలిఫోర్నియాలో పుట్టినవాడే, అంటే ఈమెది అమెరికాలో మూడో తరం. అయినా జీవితాంతం పత్రికలు ఆమెను చైనా అమ్మాయి అనే రాశాయి. అది గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మొదట వేసిన బడిలో వెనక కూర్చున్న కుర్రవాడు, చైనా వాళ్లకు నొప్పి తెలుస్తుందో లేదో చూద్దామని గుండుసూదితో పొడిచేవాడట. ఆమే తరవాత చెప్పుకుంది. ఆ బడి మాన్పించి చైనా పిల్లల మిషన్ బడిలో చేర్పించారు. అప్పుడే సినిమా కంపెనీలు లాస్ ఏంజెలెస్‌కు తరలి వస్తున్నాయి, చైనాటౌన్ వీధుల్లో షూటింగులు జరుగుతున్నాయి. ఈ పిల్ల బడి ఎగ్గొట్టి వెళ్లి కెమెరా పక్కన నిలబడేది. తిండికి ఇచ్చిన డబ్బులు సినిమా టికెట్లకు పోయేవి. షూటింగు వాళ్లు ఆమెకు "ఆరాల చైనా పిల్ల" అని పేరు పెట్టారు.

1919లో 'ద రెడ్ లాంటర్న్' సినిమాకు లాంతర్లు పట్టుకునే చైనా అమ్మాయిలు వందల మంది కావలసి వచ్చారు. వారిలో ఒకతిగా తెర మీదికి వచ్చింది. అప్పటికి 14 ఏళ్లు. పదిహేడేళ్లకు 'ద టోల్ ఆఫ్ ద సీ' (1922)లో ఏకంగా నాయిక.

ఆ సినిమా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. టెక్నికలర్ వాళ్ల రెండు రంగుల పద్ధతిలో తీసి దేశమంతా విడుదల చేసిన తొలి హాలీవుడ్ కథాచిత్రాల్లో అది ఒకటి. ఎరుపు, ఆకుపచ్చ, ఈ రెండింటితోనే అన్నీ పలికించాలి. తోటలు, పట్టుబట్టలు, చర్మం రంగు బాగా వస్తాయి కానీ అసలైన నీలం రాదు. కథేమో సముద్రం ఒడ్డున! చివరి రీళ్లు పోయాయి. 1985లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు, అదే యూసీఎల్ఏ భద్రశాల వారు, సినిమాను బాగుచేసినప్పుడు ఆనాటి రెండు రంగుల కెమెరానే మళ్లీ బయటికి తీసి, సముద్రాన్ని చిత్రీకరించి ముగింపుగా అతికించారు.

నిశాచరి (ఆదివారం మధ్యాహ్నం)

ఆ సినిమా నేను చూశాను. గంట కూడా ఉండదు. కథ మాత్రం అరిగిపోయినది: తెల్లవాడు సముద్రంలో కొట్టుకొస్తాడు, చైనా పిల్ల కాపాడుతుంది, పెళ్లి అనుకుంటుంది, అతను వెళ్లిపోయి తెల్ల భార్యతో తిరిగి వస్తాడు. కొడుకును వాళ్లకు ఇచ్చేసి ఈమె సముద్రంలో కలిసిపోతుంది. 'మదామ్ బటర్‌ఫ్లై' అనే ఒపెరా కథనే జపాను నుంచి చైనాకు మార్చారు.

అయితే ఒక్కటి. ఆ కాలపు మూకీ నటులు ఏడవమంటే చేతులు పైకెత్తి, గుండె మీద కొట్టుకుని, ఊగిపోయేవారు. ఈమె అలా చేయదు. కొడుకుకు "నేను నీ అమ్మను కాను, దాదిని" అని అబద్ధం చెప్పే చోట ముఖం దాదాపు కదలదు. కళ్లు నిండుతాయి, రెప్ప వాల్చదు, అంతే. పదిహేడేళ్ల పిల్లకు ఆ నిగ్రహం ఎవరు నేర్పారో! వందేళ్ల తరవాత మా వంటింట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న నా గొంతు పట్టుకుంది.

ముక్కుసూటి (ఆదివారం సాయంత్రం)

అందరూ పూలదండలు వేస్తున్నారు కాబట్టి నేను అడ్డం వస్తాను. నేను చూసింది 'ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్' (1924). డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ హీరో. పేరు వినగానే మన ఎన్టీఆర్ 'బాగ్దాద్ గజదొంగ' గుర్తుకొచ్చి చూశాను. ఇందులో ఈమె మంగోలు బానిసపిల్ల, రాజకుమారిని మోసం చేసే గూఢచారి. తరవాతి సినిమాల్లో కూడా విషం పెట్టేది, కత్తి దూసేది, లేదా ప్రేమించి చచ్చేది. చైనా వాళ్లంటే ఇలాగే ఉంటారని లోకాన్ని నమ్మించిన వేషాలు అవే కదా? ఒప్పుకుని డబ్బు తీసుకుంది. ఇప్పుడు నాణెం మీద బొమ్మ. ఆ వేషాలు వద్దని ఇంట్లో కూర్చుని ఉంటే అప్పుడు గొప్ప అనేవాడిని.

దీపస్తంభం (ఆదివారం రాత్రి)

ముక్కుసూటి గారూ, ఇంట్లో కూర్చుంటే ఆమె పేరు మనకు తెలిసేదే కాదు, ఈ చర్చా ఉండేది కాదు. నేను చట్టం చదువుకున్నవాణ్ణి, ఆ వైపు నుంచి చెబుతాను.

1882లో చైనా కూలీలు రాకుండా అమెరికా చట్టం చేసింది. అది 1943 దాకా ఉంది. అమెరికా గడ్డ మీద పుట్టిన చైనా సంతతి వారు పౌరులేనని 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది (ఈమెకు చుట్టం కాదు, వాంగ్ అనేది మన రావు, రెడ్డి లాంటిది). తేల్చినా ఏమైంది? దేశం దాటి వెళ్లి రావాలంటే ఆమె ముందుగా ఒక ఫారం నింపి, అధికారుల ముందు కూర్చుని, తాను ఇక్కడే పుట్టానని రుజువు చేసుకోవాలి. ఫారం నంబరు 430. దాని మీద అచ్చులోనే "అమెరికా పౌరులమని చెప్పుకుంటున్న" చైనా జాతివారి దరఖాస్తు అని ఉండేది. లోకమంతా పోస్టర్లలో ముఖం ఉన్న నటికి కూడా అదే ఫారం. ఆ రోజుల్లో మన వాళ్ల పరిస్థితీ అంతే అనుకోండి, 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులకు పౌరసత్వానికి అర్హత లేదని అదే కోర్టు చెప్పింది.

రెండోది, కాలిఫోర్నియాలో తెల్లవారికీ ఆసియా వారికీ పెళ్లి 1948 దాకా చెల్లదు. మూడోది, 1930లో సినిమా పెద్దలు తమకు తామే రాసుకుని 1934 నుంచి గట్టిగా పట్టుకున్న నియమావళి. దాని ప్రకారం తెర మీద జాతులు కలవకూడదు. రాసింది తెల్ల, నల్ల జాతుల గురించే అయినా స్టూడియోలు ఆసియా వారికీ పట్టించాయి. పెద్ద సినిమాలో హీరో తెల్లవాడే, కాబట్టి ఈమె హీరోను ముద్దు పెట్టుకోకూడదు. పెట్టుకోకూడనిది నాయిక ఎలా అవుతుంది? ఇక మిగిలేవి మీరు చెప్పిన విషమూ కత్తే.

వెన్నెలపిట్ట (ఆదివారం రాత్రి)

హీరో కూడా చైనా వాడైతే సరిపోయేది కదా అని నాకొక అమాయకపు సందేహం.

పాతరీలు (సోమవారం)

అమాయకపు సందేహం కాదమ్మా, అసలు ముడి అక్కడే ఉంది. మూకీల తొలి రోజుల్లో సెస్యూ హయకావా అనే జపాను నటుడు పెద్ద హీరో. తరవాత ఆ తలుపూ మూసుకుంది. చైనా వాడి వేషం తెల్లవాడే వేసేవాడు, కనుబొమలు గొరిగి, రెప్పల మీద పూతలు పెట్టి, బిగించి కట్టి. వార్నర్ ఓలాండ్ అని స్వీడన్‌లో పుట్టినవాడు, చైనా వేషాలతోనే పేరు తెచ్చుకున్నాడు.

అందుకే 1928లో ఆమె ఐరోపాకు వెళ్లిపోయింది. బెర్లిన్‌లో రిచర్డ్ ఐష్‌బర్గ్ సినిమాలు, లండన్‌లో ఈ.ఏ. డూపాంట్ తీసిన 'పికడిల్లీ' (1929). ముక్కుసూటి గారూ, మీరు ఇది చూడకుండా తీర్పు చెప్పకండి. ఒక ఖరీదైన నాట్యశాల. వంటగది వెనక గిన్నెలు కడిగే గది. అతిథికి వచ్చిన పళ్లెం మురికిగా ఉందని యజమాని అక్కడికి దిగి వస్తాడు. తీరా చూస్తే ఆవిరి మధ్య బల్ల ఎక్కి ఈమె నాట్యం చేస్తూ ఉంటుంది, గిన్నెలు తోమేవాళ్లు చేతులు ఆపేసి చూస్తుంటారు. పెద్దగా ఏమీ చేయదు, నడుము మెల్లగా ఊపుతుంది. టైటిల్స్‌లో మొదటి పేరు గిల్డా గ్రే అనే నటిది. సినిమా అయ్యాక గుర్తుండేది మాత్రం ఈమే.

అదే ఏడాది లండన్ రంగస్థలం మీద బ్రిటిష్ నటుడు లారెన్స్ ఒలీవియర్‌తో నాటకం వేసింది. ముఖం చైనాది, మాట కాలిఫోర్నియాది అని విమర్శకులు గొంతును వెక్కిరించారు. వెంటనే పాఠాలు చెప్పించుకుని బ్రిటిష్ ఉచ్చారణ పట్టేసింది. జర్మన్, ఫ్రెంచ్ నేర్చుకుంది. 1930లో ఒకే కథను ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్ భాషల్లో మూడుసార్లు తీస్తే మూడింటిలోనూ తానే. డబ్బింగ్ పద్ధతి ఇంకా కుదరని రోజులు అవి. మాట రాని నాయికలకు ఎవరో గొంతు ఇచ్చే మన పరిశ్రమ తలచుకుంటే నవ్వొస్తుంది.

కృష్ణాతీరం (సోమవారం)

ఆ చివరి వాక్యం పట్టుకుని నాలుగు మాటలు అంటాను, ఏమీ అనుకోకండి. తెలుగు సినిమాలో తెలుగు అమ్మాయి నాయిక కావడం ఎంత అరుదో మనకు తెలియదా? తెల్లటి పిల్లను బయటి నుంచి తెచ్చి, పల్లెటూరి పాత్ర ఇచ్చి, అవసరమైతే ముఖానికి నల్లరంగు పూస్తారు. ఆమెకు జరిగినది విని మనం అయ్యో అంటున్నాం, మన హాల్లో మాత్రం ఈల వేస్తున్నాం.

ముక్కుసూటి (సోమవారం)

మాస్టారూ, రెండూ ఒకటెలా అవుతాయి? ఇక్కడ చట్టం అడ్డం లేదు, నిర్మాత అభిరుచి తప్ప.

కృష్ణాతీరం (సోమవారం)

చట్టం లేకుండానే జరుగుతోందంటే ఇంకా ఘోరం కదా నాయనా.

నిర్వాహకుడు (సోమవారం)

దీనికి వేరే చర్చ తెరవండి, దయచేసి. ఇక్కడ ఆన్నా మే వాంగ్.

నిశాచరి (సోమవారం రాత్రి)

సరే. 'షాంఘై ఎక్స్‌ప్రెస్' (1932) సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. జోసెఫ్ వాన్ స్టెర్న్‌బర్గ్ దర్శకత్వం, మార్లీన్ డీట్రిచ్ నాయిక. రైలు పెట్టెలో ఇద్దరు స్త్రీలు. మర్యాదస్తులు ఎవరూ వాళ్ల పక్కన కూర్చోరు. డీట్రిచ్ ఈకలు, ముసుగులు, పొగ, వెలుగు, అన్నిటితో వస్తుంది. ఈమె ముదురు బట్టల్లో మౌనంగా పేక ముక్కలు పేర్చుకుంటూ కూర్చుంటుంది. చూపు అటే పోతుంది. చివరికి విలన్‌ను చంపి ప్రయాణికులందరినీ గట్టెక్కించేది కూడా ఈమె వేసిన హుయి ఫే పాత్రే. ఆ విలన్ ఎవరనుకున్నారు? పైన చెప్పిన వార్నర్ ఓలాండ్!

పారితోషికం: డీట్రిచ్‌కు 78,166 డాలర్లు, ఈమెకు 6,000.

ముక్కుసూటి (మంగళవారం)

డీట్రిచ్ అప్పటికే పెద్ద తార. ఆ పోలిక నేను ఒప్పుకోను.

పాతరీలు (మంగళవారం)

న్యాయమే. అయితే దీన్ని ఒప్పుకోండి. అంతకు ముందు ఏడాది 'డాటర్ ఆఫ్ ద డ్రాగన్'లో ఆ కూతురు ఈమే, సినిమా పేరే ఆమెది. ఆమెకు 6,000. తెర మీద 23 నిమిషాలు కనిపించి చచ్చిపోయిన ఓలాండ్‌కు 12,000.

ముక్కుసూటి (మంగళవారం)

ఒప్పుకున్నాను. అది అన్యాయం.

దీపస్తంభం (మంగళవారం రాత్రి)

'ద గుడ్ ఎర్త్' దగ్గరికి రాకుండా ఈమె కథ చెప్పలేం. పెర్ల్ బక్ నవల, తెలుగులో 'సుక్షేత్రం'గా చదివినవారు ఇక్కడ ఉండే ఉంటారు. చైనా రైతు వాంగ్ లంగ్, అతని భార్య ఓ-లాన్. నోరు విప్పని, నేలలాంటి మనిషి ఓ-లాన్. హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం వాళ్లు ఆ నవలను సినిమాగా తీస్తున్నారంటే ఈమె ఆ వేషం మీద ప్రాణాలు పెట్టుకుంది. పత్రికలు కూడా ఈమె పేరే రాశాయి. కానీ వాంగ్ లంగ్‌గా పాల్ మూనీని తీసుకున్నారు. హీరో తెల్లవాడు కాగానే భార్య వేషం ఈమెకు అందకుండా పోయింది. ఓ-లాన్‌గా జర్మనీ నుంచి వచ్చిన లూయీ రైనర్ వేసింది, ఆస్కార్ కూడా గెలుచుకుంది. ఇద్దరూ చైనా వాళ్లుగా నటిస్తున్న తెల్లవాళ్లు, కాబట్టి నియమం చెక్కుచెదరలేదు! ఇంత చక్కని తర్కం కోర్టుల్లో కూడా వినలేదు నేను.

ఈమెను అడిగింది లోటస్ వేషం, వాంగ్ లంగ్ తెచ్చుకున్న రెండో ఆడది. సినిమా మొత్తంలో జాలి కలగని పాత్ర అదొక్కటే. చైనా రక్తం ఉన్న నాకే అది ఇస్తారా అని ఆమె తిరస్కరించింది.

పాతరీలు (మంగళవారం రాత్రి)

తిరస్కరించిన మాట ఆమె చెప్పినదే, కాదనను. కానీ ఇంకో కాగితం ఉంది. లోటస్ వేషానికి ఆమెను పరీక్షించాక ఎంజీఎం నిర్మాతల్లో ఒకడైన ఆల్బర్ట్ లూయిన్ రాసుకున్న గమనిక. వాంగ్ లంగ్ మోజుపడ్డాడంటే నమ్మేంత అందం లేదని, అయినా పరిశీలించవచ్చని దాని సారం. అంటే వాళ్లు ఆ చిన్న వేషానికి కూడా ఆమెను తూకం వేస్తున్నారు. ఎవరు ముందు కాదన్నారో తేల్చడం కంటే ఆ కాగితం చదివితేనే నాకు ఎక్కువ కోపం వచ్చింది. రెండేళ్ల తరవాత 1938లో లుక్ పత్రిక ప్రపంచంలోకెల్లా అందమైన చైనా అమ్మాయి అని ముఖచిత్రం వేసింది మరి.

వెన్నెలపిట్ట (బుధవారం)

ఆస్కార్ అంటే గుర్తొచ్చింది. 1935 చిత్రానికి ఉత్తమ నటిగా నామినేషన్ వచ్చిన మెర్ల్ ఓబెరాన్ బొంబాయిలో పుట్టి, కలకత్తాలో పెరిగిన ఆమె. ఆ సంగతి దాచిపెట్టి టాస్మేనియాలో పుట్టానని జీవితమంతా చెప్పుకుంది. అదే హాలీవుడ్, అవే సంవత్సరాలు. ఒకామె దాచుకోగలిగింది కాబట్టి నాయిక అయింది. ఆన్నా మే దాచుకోవడానికి వీలే లేదు. మలేషియా నటి మిషెల్ యో ఉత్తమ నటి ఆస్కార్ అందుకునే సరికి 2023 వచ్చింది.

నిశాచరి (బుధవారం)

'గుడ్ ఎర్త్' దెబ్బ తగిలిన వెంటనే, 1936లో, ఆన్నా మే చైనా వెళ్లింది. తండ్రి అప్పటికే తమ్ముళ్లను చెల్లెళ్లను తీసుకుని సొంత ఊరికి, తైషాన్ ప్రాంతానికి, చేరుకున్నాడు. ఒక కెమెరామన్‌ను వెంటబెట్టుకుని వెళ్లింది, న్యూయార్క్ పత్రికకు వ్యాసాలు పంపింది. షాంఘైలో దిగితే అక్కడి భాష రాదు. ఇంట్లో మాట్లాడేది తైషాన్ యాస. చైనాలో చైనా తారకు దుబాసీ కావలసి వచ్చింది! నాన్‌జింగ్‌లో విందుకు పిలిచి, పెద్దలు గంటల తరబడి ఉపన్యాసాలు ఇచ్చారు. దేశం పరువు తీసే వేషాలు వేశావని అందరి మాటా ఒకటే. ముక్కుసూటి గారి తాతలు అనుకోండి.

నాకు వేషాలు ఏరుకునే వీలు లేదు, ఇచ్చినవి వేయడమో మానడమో అంతే అని ఆమె సమాధానం.

ముక్కుసూటి (బుధవారం)

తాతలు అన్నందుకు నవ్వాను. కానీ ఆ పెద్దల వైపు నుంచి కూడా చూడండి. బయటి ప్రపంచానికి చైనా అంటే ఈమె ముఖమే అయినప్పుడు వాళ్లకు మంట ఉండదా? ఆమెది తప్పు కాదు, వాళ్లదీ తప్పు కాదు.

పాతరీలు (బుధవారం రాత్రి)

అక్కడి నుంచి తిరిగి వచ్చాక పారామౌంట్ స్టూడియోలో చిన్న బడ్జెట్ సినిమాలు వచ్చాయి. చిత్రం ఏమిటంటే, ఎవరూ పట్టించుకోని ఆ చిన్న సినిమాల్లోనే ఆమెకు మర్యాద దొరికింది. 'డాటర్ ఆఫ్ షాంఘై' (1937)లో తండ్రి హత్యను ఛేదించే నాయిక, పక్కన కొరియా సంతతి నటుడు ఫిలిప్ ఆన్ హీరో, చివరికి ఇద్దరూ పెళ్లి గురించి మాట్లాడుకుంటారు. ఆమె చావదు! వెన్నెలపిట్ట అడిగిన సినిమా ఇదే. 2006లో అమెరికా జాతీయ చిత్ర జాబితాలో చేర్చారు.

యుద్ధకాలంలో పని తగ్గించి చైనా సహాయ నిధికి డబ్బు పోగుచేసింది, తన దుస్తులు వేలం వేసింది. 1951లో డూమాంట్ అనే టీవీ సంస్థలో 'ద గ్యాలరీ ఆఫ్ మదామ్ ల్యూ త్సాంగ్' ధారావాహికలో నాయిక. ఆసియా సంతతి అమెరికన్ నాయికగా ఉన్న మొదటి టీవీ కార్యక్రమం అక్కడ అదే, అందులో నాయిక పేరు తన సొంత పేరే. ఒక్క భాగం కూడా మిగల్లేదు. ఈ ఒక్కటి తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

సాంటా మోనికాలో ఇంటిని వాటాలుగా చేసి అద్దెకు ఇచ్చుకుంది. తాగుడు, కాలేయం జబ్బు. పెళ్లి చేసుకోలేదు. 1961లో 'ఫ్లవర్ డ్రమ్ సాంగ్'లో, దాదాపు అందరూ ఆసియా నటులే ఉన్న పెద్ద స్టూడియో సినిమాలో, వేషం వచ్చింది. ఆరోగ్యం సహకరించలేదు. ఫిబ్రవరి 3న గుండెపోటుతో నిద్రలోనే పోయింది. 56 ఏళ్లు.

గుర్రపునాడా (గురువారం)

కొత్త సభ్యుణ్ణి, నమస్తే. పెళ్లి చేసుకోలేదన్నారు, డీట్రిచ్‌తో ఏదో ఉందని అంటారు, నిజమేనా?

నిర్వాహకుడు (గురువారం)

1928లో బెర్లిన్ విందులో ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఉంది, తీసింది ఆల్ఫ్రెడ్ ఐసెన్‌స్టాట్. అంతవరకే నిజం. మిగతాది వద్దు.

దక్షిణవీధి (శుక్రవారం)

నేను లాస్ ఏంజెలెస్‌లోనే ఉంటాను. ఈ చర్చ చదివి నిన్న పని అయ్యాక ఏంజెలస్ రోజ్‌డేల్ శ్మశానవాటికకు వెళ్లాను. అరగంట తిరిగినా సమాధి దొరకలేదు. ఎందుకంటే నేను వెతుకుతున్నది ఆన్నా మే వాంగ్ అనే పేరు కోసం. ఆ పేరు రాతి మీద లేదు! 1930లో కారు గుద్ది చనిపోయిన తల్లి సమాధిలోనే ఆమె చితాభస్మం ఉంచారు. పైన ఇంగ్లిష్‌లో తల్లి పేరు. కుడి పక్కన నిలువుగా చైనా అక్షరాల్లో ఈమె పేరు, ఎడమ పక్కన చెల్లెలు మేరీ పేరు. ఫోనులో బొమ్మ పక్కన పెట్టుకుని గీతకు గీత పోల్చుకుంటే గానీ తేలలేదు. చుట్టూ ఎండిన గడ్డి, పక్క వీధిలో బస్సుల చప్పుడు. ఊళ్లో ఆమె పేరు ఇంగ్లిష్‌లో చదవాలంటే 1960లో హాలీవుడ్ కాలిబాట మీద వేసిన నక్షత్రం దగ్గరికి వెళ్లాలి, దాని మీద జనం నడుస్తుంటారు.

వెన్నెలపిట్ట (శుక్రవారం)

ముందుగా ఏది చూడమంటారు? ఒక్కటి చెప్పండి.

నిశాచరి (శుక్రవారం)

పికడిల్లీ. రాత్రి, దీపాలు ఆర్పి.

కృష్ణాతీరం (శుక్రవారం)

చిల్లరడబ్బా బాబూ, నీ నాణెం జాగ్రత్త. మా మనవడు నాణేలు పోగుచేస్తాడు, అక్కరలేదనుకుంటే ఒకసారి అడుగు.

చిల్లరడబ్బా (ఆదివారం రాత్రి)

మాస్టారూ, ఏం చెప్పమంటారు. ఈ చర్చంతా చదివి, పికడిల్లీ చూసి, ఇవాళ ఆ నాణేనికి ఒక చిన్న పెట్టె కొనుక్కొచ్చాను. కిటికీ గట్టు చూస్తే ఖాళీ. మధ్యాహ్నం ఆరబెట్టే యంత్రానికి ఒక క్వార్టర్ తక్కువైందట, మా ఆవిడ దాన్ని వేసేసింది.